యెరికో దారి, కరుణాపురం దారి

హైదరాబాద్ నుంచి వరంగల్ వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి మీద స్టేషన్ ఘన్‌పూర్ దాటి, కాజీపేట ఇంకా రాకముందే కరుణాపురం తగులుతుంది. ధర్మసాగర్ మండలంలోని ఊరు. 2023 మే నెలలో అక్కడ క్రీస్తుజ్యోతి ప్రార్థనా మందిరం తెరిచినప్పుడు, వేల మంది ఒక్క కప్పు కింద కూర్చోగల ఆ కట్టడం గురించి పత్రికలన్నీ రాశాయి. నాకు మాత్రం ఆ దారిన పోయిన ప్రతిసారీ ముందు మనసుకు తగిలేది పేర్లే. మండలం పేరులో ధర్మం ఉంది, ఊరి పేరులో కరుణ ఉంది. ధర్మమంటే మన దగ్గర శాస్త్రాలు చెప్పేది ఒక్కటే అర్థం కాదు కదా. గుమ్మం ముందు నిలబడి ‘ధర్మం చెయ్యి తల్లీ’ అని చెయ్యి చాపేవాడు అడిగేదీ ధర్మమే. ఎక్కడో ఏటూరునాగారం దగ్గర గంగారంలో గోదావరి నుంచి ఎత్తిపోసిన దేవాదుల నీళ్లు ఇంత దూరం వచ్చి ధర్మసాగర్ చెరువులో నిండి, వరంగల్, హనుమకొండ జనం గొంతు తడుపుతున్నాయి. పేరుకు తగిన పనే చేస్తోంది ఆ చెరువు.

ఇదే రహదారి మీద రాత్రి పూట ఎవరో బండి మీంచి పడి, నెత్తురు కారుతూ పక్కన పడి ఉంటాడు. మనం ఆగుతామా? చాలా ఏళ్ల పాటు మన జనం ఆగడానికి భయపడ్డారు. దవాఖానకు తీసుకుపోతే పోలీసులు పట్టుకుంటారని, సాక్ష్యం కోసం కోర్టు చుట్టూ తిప్పుతారని భయం. ఆ భయం పోగొట్టడానికి 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు ఆమోదం తెలిపింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఏ అనే కొత్త సెక్షన్ చేర్చారు. గాయపడినవాణ్ణి మంచి మనసుతో ఆదుకున్న మనిషి మీద కేసు పెట్టకూడదు, తన పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 2021లో కేంద్రం అలాంటివాళ్లకు 5,000 రూపాయల బహుమతి కూడా ప్రకటించింది. చట్టం ఆ మనిషికి పెట్టిన పేరు ‘గుడ్ సమారిటన్’, అంటే మంచి సమరయుడు. రెండు వేల ఏళ్ల కిందట యేసు చెప్పిన ఒక చిన్న కథలోని బాటసారి ఇవాళ భారతదేశపు చట్టంలో ఉన్నాడు. ఆ కథ లూకా సువార్తలోదని తెలియనివాళ్లకు కూడా అతని పేరు చెప్పి రక్షణ దొరుకుతోంది.

బైబిలు కథలు తెలుగునేలకు వచ్చి రెండు వందల ఏళ్లు దాటాయి. విశ్వాసం గురించి, కరుణ గురించి అవి మనకేం నేర్పాయి, మనం వాటిలోంచి ఏం వదిలేశాం అన్నది ఒకచోట పెట్టి చూడాలని నాకు చాలా కాలంగా ఉంది. చూశాక నాకు తోచింది ఒక్కటే. మన మందిరాల్లో విశ్వాసానికి ఒక పీట, కరుణకు ఇంకో పీట వేసి వేరువేరుగా కూర్చోబెట్టాం. ఆదివారం ప్రసంగం విశ్వాసానిది, క్రిస్మస్‌కు దుప్పట్లు పంచడం కరుణది. కథల్లో మాత్రం ఆ రెండూ ఒకే పళ్లెంలో అన్నం తింటాయి.

ముందు మాటల సంగతి చూద్దాం. విశాఖపట్నంలో లండన్ మిషనరీ సంఘానికి చెందిన డెస్ గ్రాంజెస్, ఆయనకు తోడుగా నిలిచిన ఆనందరాయరు కలిసి చేసిన మొదటి మూడు సువార్తల అనువాదం 1812లో సేరంపూర్‌లో అచ్చయింది. ఆ తర్వాత ఎన్ని చేతులు మారి, ఎన్నిసార్లు దిద్దుబాట్లు జరిగి ఇవాళ మన చేతుల్లో ఉన్న బైబిలు తయారైందో చెప్పాలంటే అదే ఒక పుస్తకమవుతుంది. నాకు ఇక్కడ కావలసింది ఒక్క క్రియాపదం. దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి సమరయుడు చూసినప్పుడు, తప్పిపోయిన కొడుకు దూరంగా ఉండగానే తండ్రి చూసినప్పుడు, కాపరి లేని గొర్రెల్లా ఉన్న జనాన్ని యేసు చూసినప్పుడు గ్రీకులో ఒకే మాట వస్తుంది. మనిషి లోపలి అవయవాల పేరు నుంచి పుట్టిన క్రియ అది. పేగులు కదలడమని అర్థం. మన అనువాదకులు ఒకచోట జాలిపడ్డాడన్నారు, ఇంకోచోట కనికరపడ్డాడన్నారు. తప్పేమీ లేదు, మంచి మాటలే. కానీ మా వైపు ఏ ముసలమ్మనైనా అడగండి, అలాంటిది చూస్తే ఏమవుతుందని. ‘కడుపు తరుక్కపోయింది బిడ్డా’ అంటుంది. గ్రీకు మూలానికి అంతకన్నా దగ్గరి మాట ఉంటుందని నేననుకోను. పాత నిబంధనలో కనికరానికి వాడే హీబ్రూ మాటకు గర్భమనే మాటతో చుట్టరికం ఉంది. మన తెలుగులో కడుపంటే పొట్టా అదే, గర్భమూ అదే. కడుపుతీపి అన్నా, కడుపుకోత అన్నా ఆ రెండు అర్థాలూ కలిసే పలుకుతాయి.

ఇంకో సంగతి. మార్కు మొదటి అధ్యాయంలో కుష్ఠురోగి యేసు దగ్గరికి వస్తాడు. యేసు కనికరపడి చెయ్యి చాపి ముట్టాడని మనం చదువుకుంటాం. పాత రాతప్రతుల్లో కొన్నిటిలో అక్కడ కనికరానికి బదులు కోపమనే మాట ఉంది. పండితులు దాని మీద ఇంకా వాదించుకుంటున్నారు. తెలుగువాడికి మాత్రం ఇది పెద్ద చిక్కు కాదు. తరుక్కుపోయేదీ కడుపే, మండేదీ కడుపే. మనిషిని ఊరవతలకు నెట్టేసిన లోకాన్ని చూసి కడుపు మండనివాడికి, ఆ మనిషిని చూసి కడుపు తరుక్కుపోతుందా?

విశ్వాసమనే మాటకూ ఇలాంటి కథే ఉంది. సంఘంలో ‘విశ్వాసులు’ అంటే మందిరానికి వచ్చేవాళ్లు. ఊళ్లో మాత్రం విశ్వాసమంటే తిన్నింటిని మరవకపోవడం, నమ్మినవాణ్ణి విడవకపోవడం. కుక్కకున్న విశ్వాసం మనిషికి లేదంటారు చూడండి, అదీ అర్థం. గ్రీకులో విశ్వాసానికి వాడిన మాటలో నమ్మకమూ ఉంది, నమ్మకంగా నిలబడటమూ ఉంది. మన మందిరం మాటలో మొదటిదే మిగిలింది. ఊరి మాటలో రెండోది భద్రంగా ఉంది. మళ్లీ ఆ రెండింటినీ కలపడం అంత కష్టం కాదు.

ఇక సమరయుడి దగ్గరికి వద్దాం. యెరూషలేము నుంచి యెరికోకు పోయే దారి దాదాపు వెయ్యి మీటర్ల దిగుడు, అంతా కొండమలుపులు, దొంగల భయం. 1968 ఏప్రిల్ 3న మెంఫిస్‌లో, హత్యకు గురయ్యే ముందు రోజు రాత్రి, మార్టిన్ లూథర్ కింగ్ ఈ కథే చెప్పాడు. తానూ భార్యా ఆ దారిన కారులో వెళ్లినప్పుడు, పడి ఉన్నవాణ్ణి చూసి కూడా దాటిపోయిన యాజకుడు, లేవీయుడు ఎందుకు ఆగలేదో అర్థమైందన్నాడు. ఆగితే నాకేమవుతుందని వాళ్లు అనుకున్నారు, ఆగకపోతే ఇతనికేమవుతుందని సమరయుడు అనుకున్నాడని వివరించాడు. ఆ ఊళ్లో సమ్మె చేస్తున్న పారిశుద్ధ్య కార్మికుల కోసం వచ్చిన మనిషి ఆ మాట అన్నాడు. కథను అలా చెప్పాలి.

మనవాళ్లు ఈ కథను చాలావరకు ‘మంచిగా ఉండాలి’ అనే నీతికథగా చెబుతారు. అందువల్ల దాని ములుకు పోయింది. యూదులకు సమరయులు అంటరాని పొరుగువాళ్లు. యోహాను సువార్తలో బావి దగ్గర సమరయ స్త్రీని యేసు నీళ్లడిగినప్పుడు ఆమె విస్తుపోతుంది. యూదులు సమరయులతో పొత్తు పెట్టుకోరని అక్కడ రాశారు. ఆ మాటకు ఒకే పాత్ర వాడరని అర్థం చెప్పిన పండితులున్నారు. హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసిన తెలంగాణ పల్లెలకు ఇది విడమరచి చెప్పాలా? చేదబావి గట్టు మీద ఎవరు నిలబడవచ్చో, ఎవరు దూరంగా దోసిలి పట్టి ఉండాలో తెలిసిన ఊళ్లకు, మిట్టమధ్యాహ్నం ఒంటరిగా నీళ్లకొచ్చిన ఆడమనిషిని అడిగి నీళ్లు తాగాలనుకోవడం ఎంత పెద్ద పనో తెలుసు. సమరయుడి కథనూ ఆ బావి పక్కన నిలబడే వినాలి. పడి ఉన్నవాడు అగ్రకులపువాడు, ఎత్తుకున్నవాడు వాడి గ్లాసు ముట్టకూడనివాడు. కథ విన్న ధర్మశాస్త్రోపదేశకుడు చివరికి ‘సమరయుడు’ అని పేరు పలకడానికి కూడా ఇష్టపడలేదు, జాలి చూపినవాడేనని ఊరుకున్నాడు. లూకా ఎంత నేర్పుగా రాశాడో అక్కడ తెలుస్తుంది.

ఇంకా ఎవరూ పట్టించుకోని భాగం ఒకటుంది. సమరయుడు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, తన గాడిదో గుర్రమో ఎక్కించాడు, పూటకూళ్లవాడి ఇంటికి చేర్చాడు. పూటకూళ్ల ఇల్లు ఎంత చక్కటి తెలుగుమాట! ఓరుగల్లు వీధుల్లో పూటకూళ్ల ఇళ్లుండేవని మన పాత సాహిత్యం చదివినవాళ్లకు తెలుసు. మర్నాడు రెండు దేనారాలు తీసి ఇచ్చాడు. అంటే రెండు రోజుల కూలి. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. కరుణకు బిల్లు ఉంటుందని, అది చెల్లించాలని, చెల్లించి మళ్లీ వచ్చి చూసుకోవాలని ఈ కథ చెబుతోంది. అడ్వాన్సు కట్టనిదే ఆస్పత్రిలో మంచం ఇవ్వని రోజుల్లో ఈ రెండు దేనారాల మాట కన్నీళ్ల కన్నా పెద్దది.

ఇక్కడే 1973లో అచ్చయిన ఒక ప్రయోగం చెప్పుకోవాలి. అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో పాదిరీ చదువు చదువుతున్న 40 మందిని డార్లీ, బాట్సన్ అనే మనస్తత్వ పరిశోధకులు ఎంచుకున్నారు. వాళ్లు ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వెళ్లి ప్రసంగం చేయాలి. కొందరికి ఇచ్చిన అంశం సమరయుడి కథే. దారిలో ఒక మనిషి మూలుగుతూ, దగ్గుతూ కూలబడి ఉంటాడు. ఆలస్యమైపోయిందని తొందరపెట్టి పంపినవాళ్లలో పది మందికి ఒకరే ఆగారు. తీరిక ఉన్నవాళ్లలో సగానికి పైగా ఆగారు. సమరయుడి గురించే చెప్పబోతున్న మనిషి అయినా సరే, తొందరలో ఉంటే దాటిపోయాడు. ఈ ప్రయోగం గురించి చదివినప్పటి నుంచి నా ఆదివారాల్ని నేను వేరుగా చూస్తున్నాను. రెండో ఆరాధన వేళైపోతోందని మెట్ల మీద కూర్చున్న ముసలాయన్ను దాటి లోపలికి వెళ్లిన పూట నాకూ ఉంది.

విశ్వాసం కథల్లోకి వస్తే, సువార్తల్లో యేసు ఎవరి విశ్వాసాన్ని మెచ్చుకున్నాడో ఒకసారి వరస పెట్టి చూడండి. కపెర్నహూములో రోమా శతాధిపతి, అంటే దేశాన్ని ఆక్రమించిన సైన్యంలో అధికారి. తూరు సీదోనుల వైపు కనాను స్త్రీ. పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతూ వైద్యులకు ఉన్నదంతా ఊడ్చిపెట్టిన ఆడమనిషి. యెరికో వాకిట అడుక్కునే గుడ్డి బర్తిమయి. కుష్ఠు నయమైన పదిమందిలో తిరిగొచ్చి దండం పెట్టిన ఒక్కడు, అతనూ సమరయుడే. గుడి లోపలివాళ్లు ఈ జాబితాలో దాదాపుగా లేరు.

రక్తస్రావం ఉన్న ఆ స్త్రీ కథ తెలుగులో చదివితే ఒళ్లు జలదరిస్తుంది. మన భాషలో తాకడానికీ ముట్టే, ఆడవాళ్లను మూలన కూర్చోబెట్టే నాలుగు రోజులకూ ముట్టే. ముట్టు వల్ల పన్నెండేళ్లు ముట్టరానిదై పోయిన మనిషి, గుంపులో వెనక నుంచి వచ్చి యేసు వస్త్రం అంచు ముట్టింది. ధర్మశాస్త్రం ప్రకారం ఆమె ముట్టిందంతా మైల పడాలి. ఇక్కడ మైల అటు పోలేదు, ఆరోగ్యమే ఇటు వచ్చింది. చాటుగా వెళ్లిపోనివ్వకుండా యేసు ఆమెను నలుగురిలో పిలిచి కుమారీ అన్నాడు. పన్నెండేళ్లుగా ఎవరూ పిలవని పిలుపు.

కనాను స్త్రీ కథ ఇంకా కష్టమైనది. పిల్లల రొట్టె కుక్కపిల్లలకు వేయడం తగదని యేసు నోటి నుంచే వచ్చిన మాట ఆమె విన్నది. దాన్ని తీపి చేసి చెప్పడానికి ఎంతోమంది ప్రయత్నించారు. నేను ప్రయత్నించను. తరతరాలుగా ఆ మాట తమ మీద పడినవాళ్లు మన సంఘాల్లో ఎక్కువ మంది. దళిత దృష్టితో బైబిలు చదివేవాళ్లు ఈ కథ దగ్గర చాలాసేపు ఆగుతారు, ఆగాలి. ఆమె తిరిగి మాట్లాడింది. బల్ల కింద రాలే ముక్కలైనా దొరుకుతాయి కదా అని నిలదీసింది. తన కోసం కాదు, బిడ్డ కోసం. ఆ కథలో మనసు మార్చుకున్నది ఆమె కాదు. తల వంచడమే విశ్వాసమని చెప్పేవాళ్లకు ఈ కథ అడ్డం తిరుగుతుంది. వాదించి బిడ్డను బతికించుకున్న తల్లి మొండిపట్టును యేసు గొప్ప విశ్వాసమన్నాడు.

నలుగురు స్నేహితులు పక్షవాత రోగిని మంచంతో సహా ఇంటి కప్పు మీంచి దింపిన కథ సండే స్కూలు పిల్లలకు భలే ఇష్టం. లూకా ఆ కప్పుకు పెంకులు కూడా వేశాడు. పెంకుటిల్లు ఎక్కి పెంకులు తీయడమంటే ఎంత రభసో మా పిల్లలకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఇక్కడ ఒక చిన్న మాట తరచు జారిపోతుంది. యేసు చూసింది ‘వారి’ విశ్వాసం. మంచం మీద ఉన్నవాడు నమ్మాడో లేదో కథ చెప్పదు. మోసినవాళ్లు నమ్మారు, భుజాలు అరిగేలా మోశారు. విశ్వాసమూ కరుణా వేరువేరు కావడానికి ఆ కప్పు మీద చోటెక్కడిది?

మూర్ఛలు వచ్చే పిల్లాణ్ణి ఎత్తుకుని స్వస్థత కూటానికి వచ్చిన ఒక తల్లితో, నీ విశ్వాసం చాలలేదమ్మా అని చెప్పి పంపేయడం నేను కళ్లారా చూశాను. ఏ కూటమో, ఎవరో ఇక్కడ అనవసరం. ఆమె మందులు ఆపేసి మరీ వచ్చింది. మార్కు తొమ్మిదో అధ్యాయంలో సరిగ్గా ఇలాంటి పిల్లాడి తండ్రే ఉన్నాడు. నమ్ముతున్నాను, నమ్మలేకపోతున్నాను, ఆదుకో అని ఏడ్చాడు. సగం నమ్మకంతో వచ్చిన ఆ తండ్రిని యేసు వెనక్కి పంపలేదు. పిల్లాడు లేచి నిలబడ్డాడు. ఆవగింజంత చాలన్న చోట, గుమ్మడికాయంత తెమ్మని తల్లుల్ని ఏడిపించే హక్కు మనకెవరిచ్చారు? మూర్ఛకు మందుంది, మాత్ర వేసుకుంటూ ప్రార్థన చేయవచ్చు. ఈ ఒక్క మాట ప్రతి మందిరంలో అయ్యగారూ అమ్మగారూ మైకు ముందు గట్టిగా చెబితే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

మన నేల మీద ఈ కథలు ఎలా నడిచాయో చూద్దాం. 1876 నుంచి 78 దాకా తెలుగుదేశాన్ని ధాత కరువు పీల్చేసింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చిన వేలమందికి పార చేతికిచ్చి, కూలి ఇచ్చాడు. సువార్తికులే మేస్త్రీలు, పని ఆగిన వేళల్లో వాళ్లే కథలు చెప్పేవాళ్లు. ముష్టి వేయకుండా పని ఇవ్వడం గమనించండి. అంతకన్నా ముఖ్యమైంది ఇంకొకటి. కరువు సాగినంత కాలం బాప్తిస్మం అడిగినవాళ్లకు ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని పంతం పట్టి ఆగాడు. కూలీ సాయమంతా అయిపోయాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. దానికి పన్నెండేళ్ల ముందే తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి, మాదిగ పెద్దమనిషి, ఊరూరా తిరిగి నేల దుక్కి చేసి ఉంచాడు. చరిత్రల్లో క్లౌ పేరు ముందొస్తుంది, నా లెక్కలో పేరయ్య పేరు ముందు రావాలి. తోళ్ల కోసం తిరిగిన బాటల్లోనే కథలు మోసుకెళ్లాడాయన.

కరుణను ఎరగా వేశారన్న మాట ఈ చరిత్ర వెంట ఎప్పుడూ నడుస్తూనే ఉంది. 1930ల్లో గాంధీజీకీ దోర్నకల్ బిషప్ అజరయ్యకీ మధ్య ఇదే పెద్ద వాదమైంది. ఆ మాటను తోసిపుచ్చకూడదు. ఎరలు వేసినవాళ్లు ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. విశేషమేమిటంటే ఈ వాదం బైబిలు లోపలే ఉంది. అయిదు రొట్టెలు పంచిన మర్నాడు వెతుక్కుంటూ వచ్చిన జనంతో, మీరు రొట్టెలు తిని కడుపు నిండినందుకే వచ్చారని యేసే ముఖం మీద అన్నాడు. అయినా ముందు రోజు పంచినందుకు ఆయన బాధపడలేదు. పదిమంది కుష్ఠురోగుల కథ ఇంకా సూటిగా ఉంటుంది. తొమ్మిది మంది తిరిగి రాలేదు. వాళ్లెక్కడ అని యేసు అడిగాడు. కానీ తిరిగి రాని ఆ తొమ్మిది మందికి కుష్ఠు మళ్లీ వచ్చిందని కథలో లేదు. ఎరకూ కరుణకూ తేడా తేల్చే కొలబద్ద నాకు ఇంతకన్నా మంచిది ఎక్కడా కనిపించలేదు. వచ్చినవాడు రేపు మందిరానికి రాకపోయినా మందు ఆగకూడదు.

ఆ కొలబద్దకు నిలిచిన చోట్లలో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి ఒకటి. 1915లో మెథడిస్టు మిషన్ తరఫున డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ అక్కడ కుష్ఠు ఆస్పత్రి మొదలుపెట్టారు. అప్పటికి చాల్‌మొగ్ర జాతి నూనె సూదులు తప్ప వేరే దిక్కు లేదు. రోగులు అక్కడే పొలం చేసుకుంటూ, పని నేర్చుకుంటూ ఉండేవారు. ఆ ఆస్పత్రి కట్టడానికి పెద్ద సాయం చేసినవాడు రాజా నర్సాగౌడ్, హిందువు. సమరయుడి కథలో పరాయివాడు చేసిన పనే ఇక్కడ ఇంకో మతంవాడు చేశాడు, పూటకూళ్లవాడి పని కెర్ దంపతులు చేశారు. మెదక్‌లో మిషనరీ చార్లెస్ పోస్నెట్ పెద్ద గుడి కట్టించింది కూడా కరువు రోజుల్లో, ఆకలితో ఉన్నవాళ్లకు పని దొరకాలని. 1924 క్రిస్మస్ నాడు తెరిచిన ఆ గుడికి 173 అడుగుల గోపురముంది. లోపల యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం చెప్పే మూడు గాజు కిటికీలున్నాయి. చదువురానివాడికి అవే పుస్తకం. పొద్దు తిరిగే కొద్దీ ఆ రంగులు కదులుతుంటే చూసినవాళ్లెవరూ మరిచిపోరు.

మా దగ్గరికి వస్తే, హనుమకొండలో బాప్టిస్టు మిషన్ 1879లోనే అడుగు పెట్టింది. వరంగల్ కతోలిక పీఠం 1952లో ఏర్పడింది, దాని ప్రధాన దేవాలయం కాజీపేట ఫాతిమానగర్‌లో ఉంది. కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైలెక్కితే దోర్నకల్ వస్తుంది. అక్కడి అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో, మిషనరీలు ఇచ్చిన త్యాగానికి దండం పెడుతూనే, మాకు స్నేహం కూడా ఇవ్వండని వాళ్ల ముఖాన అడిగాడు. కింద నిలబడినవాడికి పైనుంచి వేసే కరుణ ఆయనకు చాలలేదు. పక్కన కూర్చుని తినే కరుణ కావాలన్నాడు.

ఆ స్నేహం మనలో మనకు దొరికిందా? ఇది చెప్పకుండా ఈ సమీక్ష నిజాయితీగా ఉండదు. మాల సంఘం, మాదిగ సంఘం వేరుగా కూర్చున్న ఊళ్లున్నాయి. సంబంధం కలుపుకునే దగ్గరికి వచ్చేసరికి ప్రభువు బల్ల మరిచిపోయి కులం గుర్తొచ్చే ఇళ్లున్నాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రాల్లో వాళ్లు బీసీ-సి కింద వస్తారు. రాజ్యం కులం పోయిందంటుంది, ఊరు పోలేదంటుంది, సంఘం మాట దాటేస్తుంది. సమరయుడి కథను ఈ ముగ్గురి మధ్యా నిలబడి చెప్పే ప్రసంగం కోసం నేను చాలా ఆదివారాలుగా ఎదురుచూస్తున్నాను.

పాత నిబంధనలో ఈ పల్లెలకు బాగా దగ్గరైన కథ రూతుది. కరువుకు వలసపోయిన కుటుంబం, మొగుణ్ణీ కొడుకుల్నీ పోగొట్టుకున్న అత్త, పరాయి దేశపు కోడలు. అత్త వెంట వచ్చి ఆ కోడలు రూతు పరిగె ఏరుకుంది. కోతలయ్యాక చేనులో రాలిన కంకులు ఏరుకునే పరిగె మన అమ్మమ్మలందరికీ తెలుసు. చేను మూలలు కోయకుండా వదలాలని, రాలింది బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని ధర్మశాస్త్రంలో రాసి ఉంది. అంటే పరిగె దయ కాదు, హక్కు. ఆ చేను యజమాని బోయజు దాని మీద ఇంకో అడుగు వేసి, కావాలనే కొన్ని పనలు జారవిడవమని కూలీలకు చెప్పాడు. తీసుకునేవాళ్లకు ఇచ్చినట్టు తెలియకూడదు. మా వైపు ఇప్పుడు వరి కోత మిషన్లు వచ్చాయి, పరిగె ఏరేవాళ్లు చేలల్లో అరుదయ్యారు. ఆ హక్కు ఇప్పుడు ఏ రూపంలో ఉండాలో రైతు సంఘాలూ, క్రైస్తవ సంఘాలూ కూర్చుని ఆలోచించవలసిన విషయం.

విధవరాలి రెండు కాసుల కథ కానుకల వేళ తప్పకుండా వినిపిస్తుంది. ఉన్నదంతా వేసిందని పొగుడుతారు. మార్కు దాన్ని ఎక్కడ పెట్టాడో చూడరు. దానికి ముందు వాక్యాల్లో విధవరాళ్ల ఇళ్లు దిగమింగే శాస్త్రుల మీద యేసు మండిపడ్డాడు. దాని వెంటనే, ఆ గుడి రాయి మీద రాయి నిలవదన్నాడు. మధ్యలో ఉన్న ఆ రెండు కాసుల్ని ఆయన మెచ్చుకున్నాడా, చూసి ఆయన కడుపు తరుక్కుపోయిందా? నాకు రెండోదే నిజమనిపిస్తుంది. ఆమె విశ్వాసం గొప్పదే. ఆ రాత్రి ఆమె ఏం తిన్నదని అడగని సంఘం విశ్వాసం మాటేమిటి?

మందిరం బయట ఈ కథల్ని మోసినవాళ్లను కూడా తలుచుకోవాలి. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ సినిమాలో విజయచందర్‌ను చూసి, యేసు ముఖమంటే అదేనని నమ్మిన తరం ఒకటుంది. తెర కట్టి, ప్రొజెక్టర్ పెట్టి ఊరి నడుమ ఆడిస్తే అన్ని కులాలవాళ్లూ వచ్చి నేల మీద కూర్చుని చూశారు. హిందీలో దానికి ‘దయాసాగర్’ అని పేరు పెట్టారు. ధర్మసాగర్ పక్కన పుట్టినవాళ్లకు ఆ పేరు చుట్టాల పేరులా వినిపిస్తుంది. జాషువ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. 1941 నాటి ‘గబ్బిలం’లో తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపింది కూడా ఆ కవే. ఒకే మనిషి గుండెలో రెండూ ఇమిడాయి. ప్రార్థన ఎవరికి చేరాలన్నది ఎంత ముఖ్యమో, ఎవరి గోడు చేరాలన్నదీ అంత ముఖ్యమని ఆయన పద్యాలు చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

చివరగా నాకు బాగా ఇష్టమైన కథ. యోనా అనగానే చేప గుర్తొస్తుంది అందరికీ. అసలు కథ చేప కక్కేశాకే ఉంది. నీనెవె శత్రువుల రాజధాని. అది పాడైపోతుందని యోనా చెప్పి వచ్చాడు. జనం పశ్చాత్తాపపడ్డారు, దేవుడు క్షమించాడు. ప్రవక్తకు ఒళ్లు మండింది. నువ్వు కనికరం కలవాడివని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయానని దేవుణ్ణి దెప్పాడు. విశ్వాసం నిండా ఉన్న మనిషి, దేవుడి కరుణ తనవాళ్లను దాటి పోతే ఓర్వలేకపోయాడు. ఊరి బయట ఎండలో కూర్చున్నాడు. రాత్రికి రాత్రి ఒక సొరచెట్టు లేచి నీడనిచ్చింది, సంతోషించాడు. మర్నాడు పురుగు కొట్టి అది వాడిపోయింది, చచ్చిపోవాలన్నంత ఏడ్చాడు. పందిరి మీద సొరపాదు వాడితే ఆ ఏడుపేమిటో మా ఆడవాళ్లను అడిగితే తెలుస్తుంది. అప్పుడు దేవుడు అడిగాడు. నువ్వు నాటలేదు, నీళ్లు పోయలేదు, ఒక రాత్రి బతికిన పాదు కోసం నీకు ఇంత బాధ ఉంటే, కుడి ఎడమ తెలియని లక్షా ఇరవై వేల మంది, ఇంకా ఎన్నో పశువులు ఉన్న ఆ ఊరి కోసం నాకు ఉండకూడదా?

పుస్తకం అక్కడ ఆగిపోయింది. యోనా ఏం జవాబు చెప్పాడో రాయలేదు.